మాట వినని పిల్లవాడా? మాట వినబడని పిల్లవాడా?

పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో రెండవ తరగతి చదువుచున్న ఒక బాలుని ఊహించుకొనుడు. వానికి ఏడేండ్లు. వెనుక వరుసలో గోడ కానుకొని కూర్చుండును. ఉపాధ్యాయుడు ఉక్తలేఖనము చెప్పునప్పుడు ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాయును. పేరు పెట్టి పిలిచినచో ఒక్కొక్కప్పుడు పలుకును, ఒక్కొక్కప్పుడు పలుకడు. ఇంటివద్ద తల్లి వంటయింటి నుండి పిలిచినను కదలడు. ఎదుట నిలిచి గద్దించినప్పుడు మాత్రము ఉలికిపడి లేచును. రాత్రివేళ నోరు తెరచి గురకపెట్టుచు నిద్రించును.

"వీడికి చదువు అబ్బదు" అని తండ్రి అనును. "చదువు సంగతి కాదండీ, వీడిది వట్టి మొండితనం" అని తల్లి అనును. "వాళ్ల తాత కూడా చిన్నప్పుడు ఇంతే, పెద్దవాడయితే వాడే సర్దుకుంటాడు" అని నాయనమ్మ సమాధానపరచును. మువ్వురిలో నొకరైనను వాని చెవిని గూర్చి తలపరు. చెవిలో నొప్పి లేదు, చీము లేదు, ఒంట జ్వరము లేదు. అట్టి చెవిని శంకించుట ఎట్లు?

ఇట్టి పిల్లలు మన బడులలో అరుదు కారు. వారిలో పలువురికి లోపము బుద్ధిలో లేదు, నడవడిలోను లేదు. ముక్కు వెనుక పెరిగిన చిన్న కండ యొకటి, దాని మూలమున కర్ణభేరి వెనుక నిలిచిపోయిన పావు చెంచా ద్రవము - ఇవియే వాని చదువునకు అడ్డుపడుచున్నవి. ఈ లోపమును కనుగొనుట కష్టము కాదు. సకాలమున కనుగొన్నచో మాన్చుటయు కష్టము కాదు. కనుగొనక మొండితనమని కొట్టి, మందబుద్ధి అని వదలివేయుటయే పెద్ద నష్టము. కావున ఈ వ్యాధి ఎట్లు కలుగునో, ఎట్లు గుర్తింపవలెనో, ఎవరిని ఆశ్రయింపవలెనో తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును తెలిసికొనుట అవసరము.

చెవి పని చేయు విధము

మనము చెవి అని పిలుచు బయటి డొప్ప ధ్వనిని పోగుచేయు భాగము మాత్రమే. దాని నుండి లోనికి పోవు రంధ్రము చివర పలుచని పొర యొకటి బిగించి యున్నది. అదియే కర్ణభేరి. దాని వెనుక గాలితో నిండిన చిన్న గది కలదు. దీనిని మధ్యచెవి యందురు. ఈ గదిలో మూడు చిన్న ఎముకలు గొలుసువలె నమరియున్నవి. ఒకటి సుత్తె ఆకారమున, ఒకటి దాగలి ఆకారమున, మూడవది గుఱ్ఱపు జీను అంకవన్నె ఆకారమున ఉండును. ధ్వని తగిలి కర్ణభేరి కదలగా, ఆ కదలిక ఈ మూడెముకల ద్వారా నత్తగుల్లను పోలిన లోపలి చెవికి చేరును. అచ్చట నుండి నరము దానిని మెదడునకు కొనిపోవును.

కర్ణభేరి చక్కగా కదలవలెనన్నచో దానికి రెండు వైపులను గాలి ఒత్తిడి సమానముగా నుండవలెను. వెలుపలి గాలి చెవి రంధ్రము ద్వారా వచ్చును. లోపలి గదికి గాలి వచ్చుటకు సన్నని నాళమొకటి మధ్యచెవి నుండి ముక్కు వెనుక భాగమునకు పోవుచున్నది. 16వ శతాబ్దిలో దీనిని వర్ణించిన ఇటలీ దేశపు శరీర నిర్మాణ శాస్త్రవేత్త బార్టోలొమియో యూస్టేషి పేర దీనిని యూస్టేషియన్ నాళమందురు. ఇది సామాన్యముగా మూసియుండి, గుటక మ్రింగినప్పుడును, ఆవులించినప్పుడును క్షణకాలము తెరచుకొనును. బస్సులో తిరుమల కొండ ఎక్కునప్పుడు చెవులు దిబ్బడ వేయుట, గుటక మ్రింగగానే విడిపోవుట చాలమందికి అనుభవమే. అప్పుడు తెరచుకొనునది ఈ నాళమే.

పెద్దలలో ఈ నాళము మూడున్నర సెంటీమీటర్ల పొడవుండి, చెవి నుండి ముక్కు వైపునకు ఏటవాలుగా దిగును. శిశువులలో అది సుమారు అందులో సగము పొడవే యుండి, దాదాపు అడ్డముగా నుండును. అందుచేత చిన్నపిల్లల మధ్యచెవిలోని తడి క్రిందికి జారిపోవుట కష్టము. ముక్కులోని క్రిములు చెవికెక్కుట సులభము. పెద్దవారికి పడిశము పట్టినచో ముక్కుతో పోవుటయు, పిల్లలకు పట్టినచో తరచుగా చెవికి తగులుటయు ఇందువలననే.

ముక్కు వెనుక గ్రంథి

ఈ నాళము ముక్కు వెనుక తెరచుకొను చోటికి సమీపముననే, కొండనాలుకకు పైవైపున, మెత్తని కండ వంటి గ్రంథి యున్నది. దీనిని అడినాయిడ్ గ్రంథి యందురు. గొంతులో ఇరుప్రక్కల కనబడు టాన్సిల్సు జాతికి చెందినదే ఇదియు. అయితే టాన్సిల్సు నోరు తెరచిన కనబడును, అడినాయిడ్ కనబడదు. కావున నోరు చూచి "గొంతు బాగానే ఉంది" అనుకొనుట చాలదు.

ఇది పుట్టుకతోనే అందరికిని ఉండును. గాలితో లోనికి వచ్చు రోగక్రిములను తొలుత నెదిరించుటకు ప్రకృతి పెట్టిన కాపలా ఇది. సుమారు మూడేండ్లు మొదలు ఏడేండ్ల వరకు ఇది పెద్దదిగా నుండి, ఆ తరువాత క్రమముగా కుంచించుకొని, యౌవనము వచ్చునప్పటికి చాలవరకు అణగిపోవును. కావున పిల్లలలో అడినాయిడ్ ఉండుట రోగము కాదు. మాటిమాటికి పడిశము, అలర్జీ, క్రిముల తాకిడి కలిగి, అది అమితముగా పెరిగినప్పుడు మాత్రమే చిక్కులు కలుగును.

ఆ చిక్కులు రెండు విధములు. మొదటిది, ముక్కు దారి మూసికొనిపోయి పిల్లవాడు నోటితో గాలి పీల్చుట. రెండవది, యూస్టేషియన్ నాళపు ముఖద్వారమునకు ఒత్తిడి కలిగి, గ్రంథిలో దాగిన క్రిములు చెవి దారి పట్టుట. ముక్కులోని ఈ కండకును, చెవుడునకును గల సంబంధమును 1868లో డెన్మార్కు దేశమునందలి కోపెన్‌హాగెన్ నగర వైద్యుడు విల్హెల్మ్ మేయర్ వైద్యలోకమునకు వివరించెను. అంతకు ముందు ఇట్టి పిల్లలను మందమతులని ఎంచుటయే గాని, వారి ముక్కు వెనుక ఏమున్నదో చూచినవారు అరుదు.

నొప్పి లేని చెవుడు

నాళము మూసికొనిపోగా మధ్యచెవికి కొత్త గాలి అందదు. ఉన్న గాలిని గది గోడలు క్రమముగా పీల్చివేయును. అంతట కర్ణభేరి లోనికి గుంజుకొనిపోవును. గది పొరల నుండి ద్రవము ఊరి నిలిచిపోవును. మొదట నీరువలె నున్నది కొన్ని వారములకు జిగురువలె చిక్కబడుటయు కలదు. మద్దెలలో నీరు నింపినచో మ్రోగునా? కర్ణభేరి గతియు అంతే. పిల్లవానికి పూర్తిగా చెవుడు రాదు. రెండు చెవులలోను వ్రేళ్లు పెట్టుకొని ఎదుటివారి మాట వినుడు. ఇంచుమించు అట్లే వానికి వినబడుచుండును. ధ్వనిని కొలుచు డెసిబెల్ మానమున చెప్పినచో, ఇట్టి వినికిడి లోపము సాధారణముగా 20 నుండి 30 డెసిబెల్ల వరకు ఉండును.

అది స్వల్పమే కదా యనుకొనరాదు. దగ్గర నుండి గట్టిగా పలికిన మాట వానికి వినబడును. అందుచేతనే తల్లిదండ్రులకు అనుమానము రాదు. దూరము నుండి వచ్చు మాట, మెల్లగా పలికిన మాట, పదిమంది సందడిలో కలిసిన మాట వినబడవు. మాటలో అచ్చులు గట్టిగా పలుకును. క, త, ప, స వంటి హల్లులు మెత్తగా పలుకును. వినికిడి తగ్గినవానికి ముందుగా జారిపోవునవి ఈ హల్లులే. "వచ్చాను", "వచ్చాడు", "వచ్చారు" అను మాటలలో భేదమంతయు చివరి అక్షరములోనే కలదు. ఆ చివర వినబడనివానికి ఎవరు వచ్చిరో తెలియదు. పైన పంకా తిరుగుచు, రేకుల కప్పు మీద వాన కురియుచున్నప్పుడు వెనుక వరుస బాలునికి పాఠములో ఎంత భాగము చేరునో ఊహింపవచ్చును.

ఇంకొక విశేషము గలదు. ఈ లోపము రోజు కొక తీరుగా నుండును. పడిశము తగ్గినప్పుడు వినికిడి కొంత మెరుగగును. మరల పడిశము పట్టగానే తగ్గును. "నిన్న పిలిస్తే పలికాడు, ఈవేళ పలకడేం? కావాలనే చేస్తున్నాడు" అని పెద్దలు కోపించుటకు ఇదియే కారణము. వాడు కావలెనని చేయుట లేదు. నిన్న వానికి వినబడినది, నేడు వినబడుట లేదు. తనకు తక్కువగా వినబడుచున్నదను సంగతి వానికే తెలియదు. లోకమంతయు అట్లే మెల్లగా మాటలాడునని వాడనుకొనును.

గుర్తించుట ఎట్లు?

తల్లిదండ్రులు ఈ క్రింది లక్షణములను గమనింపవలెను.

పడిశము లేనప్పుడు కూడ నోరు తెరచియుంచుట, నోటితో గాలి పీల్చుట. రాత్రి ప్రతిదినము గురకపెట్టుట, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చుట, ఉలికిపడి లేచుట. ఉదయము లేచినను మగతగా, చిరాకుగా నుండుట. ముక్కు మూసినట్లు మాటలాడుట. ఇవి అడినాయిడ్ పెరుగుదలను సూచించును. చిరకాలము నోటితో గాలి పీల్చిన పిల్లలలో కొందరికి పై దవడ ఇరుకై, పండ్లు ముందుకు వచ్చుటయు కలదు.

"ఆ?", "ఏమిటి?" అని మాటిమాటికి అడుగుట; టెలివిజనుకు మరీ దగ్గరగా కూర్చుండుట, లేక శబ్దము పెంచుట; వెనుక నుండి పిలిచిన పలుకకపోవుట; ఎదుటివారి పెదవుల వైపే చూచుట; వయస్సునకు తగినట్లు మాటలు రాకపోవుట, వచ్చినను స్పష్టముగా లేకపోవుట; బడిలో ఉక్తలేఖనమున వెనుకబడుట. ఇవి చెవి లోపమును సూచించును.

ఇంటివద్ద చిన్న పరీక్ష యొకటి చేయవచ్చును. నిశ్శబ్దముగా నున్న గదిలో పిల్లవానిని కూర్చుండబెట్టి, పెదవులు కనబడకుండ వాని వెనుక రెండడుగుల దూరమున నిలువుడు. వాని ఒక చెవి ముందరి చిన్న మిట్టను వ్రేలితో మెత్తగా నొక్కి మూయుడు. పిమ్మట వానికి తెలిసిన "ఆవు", "పాలు", "బంతి", "పిల్లి" వంటి మాటలను గుసగుసగా పలికి, తిరిగి చెప్పుమనుడు. తరువాత రెండవ చెవిని అట్లే చూడుడు. ఆటవలె చేసినచో పిల్లలు సంతోషముతో చెప్పుదురు. సగము మాటలైనను చెప్పలేకపోయినచో వైద్యునికి చూపవలెను. చక్కగా చెప్పినను పై లక్షణములున్నచో చూపవలసినదే. ఇంటి పరీక్ష వైద్య పరీక్షకు బదులు కాదు.

చెవిపోటు, చీము

ఇంతవరకు చెప్పినది నొప్పి లేని వ్యాధి. మధ్యచెవిలోనికి క్రిములు చొచ్చి చీము పట్టినప్పుడు మాత్రము నొప్పి తీవ్రముగా నుండును, జ్వరము వచ్చును. మాటలు రాని శిశువు ఏడ్చుట, చెవి గుంజుకొనుట, పాలు త్రాగకుండుట, నిద్రపోకుండుట చేయును. కొన్నిసార్లు చీము ఒత్తిడికి కర్ణభేరి చిట్లి చెవి కారును. అంతట నొప్పి తగ్గిపోవును. నొప్పి తగ్గినది గనుక జబ్బు తగ్గినదని ఊరకుండరాదు. డాక్టరుకు చూపి, ఆయన చెప్పిన మందును చెప్పినన్ని దినములు వాడవలెను. నొప్పికి, జ్వరమునకు పిల్లవాని బరువునుబట్టి పారాసిటమాల్ ఇత్తురు. పిల్లలకు ఆస్పిరిన్ ఇయ్యరాదు. ఇట్లు చిట్లిన కర్ణభేరి చాలమందిలో కొన్ని వారములలో తానే అతుకుకొనును.

అతుకుకొనక, రెండు వారములు దాటినను చెవి కారుచున్నచో అది దీర్ఘవ్యాధిగా మారుచున్నదని గ్రహింపవలెను. "పిల్లలకు చెవి కారడం మామూలే" అను మాట మన పల్లెలలో ఇంకను వినబడుచున్నది. ఆ మాటను నమ్మి ఏండ్ల తరబడి ఊరకున్నవారు వినికిడిని పోగొట్టుకొనిరి. కొందరిలో ఆ చీము చెవి ఎముకను తినివేసి మెదడు పొరల వరకు ప్రాకి ప్రాణాపాయము తెచ్చును. కారునది కొంచెమైనను దుర్వాసన కలిగియున్నచో మరింత జాగ్రత్త పడవలెను.

చెవి వెనుక వాచి చెవి డొప్ప ముందుకు వచ్చుట, ముఖము ఒక ప్రక్కకు లాగుట, తల తిరుగుట, తీవ్రమైన తలనొప్పితో వాంతులగుట, మెడ బిగియుట - వీనిలో ఏ యొక్కటి కనబడినను తెల్లవారువరకు ఆగక ఆనాడే ఆసుపత్రికి కొనిపోవలెను.

చేయరాని పనులు

చెవి నొప్పి అనగానే వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయుట, ఆకు పసరు పిండుట, పసిపిల్లలకు తలంటినప్పుడు చెవులలో నూనె చుక్కలు వేసి ఊదుట మన ఇండ్లలో పెద్దలు ప్రేమతో చేయు పనులే. కాని కర్ణభేరి బాగుగా నున్నచో ఆ నూనె మధ్యచెవిని చేరదు, కావున గుణమీయదు. కర్ణభేరికి రంధ్రమున్నచో నూనెతోపాటు క్రిములును లోనికి పోవును. కావున కీడు చేయును. రెండు విధములను లాభము లేదు. పుల్లలతో, పిన్నులతో గుబిలి తీయుట, సంతలో చెవులు శుభ్రము చేయువారికి పిల్లల చెవి నప్పగించుట కూడదు. చెంపమీద, చెవిమీద కొట్టుట ఇంట గాని బడిలో గాని ఎన్నడును కూడదు. ఒక్క దెబ్బకు కర్ణభేరి చిట్లవచ్చును.

కారుచున్న చెవిని పొడిగా నుంచుటయే ఇంటివారు చేయదగిన సహాయము. శుభ్రమైన నూలుగుడ్డను మెత్తని వత్తివలె చుట్టి చెవిలో మెల్లగా నుంచి, తడిసిన పిదప తీసివేసి కొత్తది పెట్టవలెను. పొడిగా వచ్చువరకు ఇట్లు దినమునకు మూడుసార్లు చేయవచ్చును. వత్తిని చెవిలో వదలివేయరాదు. డాక్టరు వ్రాసిన చుక్కల మందును ఇట్లు తుడిచిన తరువాతనే వేయవలెను. స్నానము చేయించునప్పుడు దూదికి వాజలైను రాచి చెవికి అడ్డము పెట్టవలెను. చెవి నయమగువరకు చెరువులోను, కాలువలోను ఈత మాన్పింపవలెను.

చికిత్స

చెవి, ముక్కు, గొంతు వైద్యుడు దీపపు సాధనముతో కర్ణభేరిని చూచును. కర్ణభేరి కదలికను కొలుచు పరీక్ష, వినికిడిని కొలుచు పరీక్ష చేయించును. సన్నని దుర్భిణి గొట్టమును ముక్కుద్వారా పంపియో, ఎక్స్‌రే తీయించియో అడినాయిడ్ ఎంత పెరిగినదో తెలిసికొనును. వీనిలో నొప్పి కలిగించునది లేదు.

నొప్పి లేక ద్రవము మాత్రము నిలిచిన పిల్లలలో పెక్కుమందికి మూడు నెలలలో అది తానే ఇంకిపోవును. కావున తొందరపడక మూడు నెలలు వేచి చూచి, మరల పరీక్షించుట వైద్యులు పాటించు పద్ధతి. "మందు ఇవ్వలేదు, ఈ డాక్టరుకు ఏమీ తెలియదు" అని తల్లిదండ్రులు అనుకొనరాదు. నిలిచిన ద్రవమును జలుబు మాత్రలు గాని, యాంటీబయాటిక్ మందులు గాని తీసివేయజాలవు. అలర్జీ గల పిల్లలకు ముక్కులో కొట్టు మందును వైద్యుడు సూచింపవచ్చును. వేచియుండుట యనగా మరచిపోవుట కాదు. మూడు నెలల పిదప తప్పక తిరిగి చూపవలెను. అంగిలి చీలిన పిల్లలకును, డౌన్ లక్షణములు గల పిల్లలకును, మాటలు ఆలస్యమైన పిల్లలకును ఈ గడువు కోసము ఆగక ముందుగానే వైద్యము అవసరము కావచ్చును.

మూడు నెలలు దాటినను రెండు చెవులలో ద్రవము నిలిచి వినికిడి తగ్గియున్నచో శస్త్రచికిత్స ఆలోచింతురు. కర్ణభేరిలో చిన్న గాటు పెట్టి, ద్రవమును తీసి, బియ్యపు గింజ కన్న చిన్నదైన గొట్టమును అందులో అమర్తురు. మూసికొనిపోయిన నాళము చేయవలసిన పనిని ఈ గొట్టము చేయును. ప్లాస్టిక్కు గొట్టముతో ఈ పద్ధతిని 1954లో అమెరికా వైద్యుడు బెవర్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రచారములోనికి తెచ్చెను. సామాన్యముగా ఆరు నెలల నుండి ఏడాది, ఏడాదిన్నర లోపల గొట్టము తానే ఊడివచ్చును. చాలమందిలో కర్ణభేరియు అతుకుకొనును.

నాలుగేండ్లు దాటిన పిల్లలలో ద్రవము వదలనప్పుడు, లేక నిద్రలో ఊపిరి ఆగునంతగా ముక్కు మూసికొనినప్పుడు పెరిగిన అడినాయిడ్‌ను తీసివేయుదురు. పిల్లవానికి మత్తు ఇచ్చి నోటి ద్వారా చేయు శస్త్రచికిత్స ఇది. ముఖముపై కోత గాని, కుట్టు గాని ఉండవు. చాలమంది ఆనాడే గాని, మరునాడు గాని ఇంటికి రాగలరు. కొన్ని దినములు మెత్తని ఆహారమిచ్చి, వారము దినములు బడి మాన్పించినచో చాలును. ఇంటికి వచ్చిన పిమ్మట ముక్కు నుండి గాని, నోటి నుండి గాని నెత్తురు వచ్చినచో వెంటనే ఆసుపత్రికి తిరిగి రావలెను. కుటుంబమున నెత్తురు ఆగని జబ్బు ఎవరికైన నున్నచో శస్త్రచికిత్సకు ముందే చెప్పవలెను.

"ఆ గ్రంథి తీస్తే పిల్లవాడికి రోగాలు ఎక్కువవుతాయేమో, గొంతు పోతుందేమో" అని కొందరు భయపడుదురు. శరీరమున అట్టి కాపలా గ్రంథులు ఇంకను పెక్కు గలవు; ఇది లేకున్నను అవి ఆ పని చేయును. గొంతు పోదు. కొన్నాళ్లు మాట కొంచెము ముక్కుతో వచ్చినట్లుండి సర్దుకొనును. ప్రతి శస్త్రచికిత్సలోను కొంత అపాయము లేకపోలేదు; అందుచేతనే ప్రతి పిల్లవానికి చేయరు, అవసరము తేలినవారికే చేయుదురు.

రాకుండ చూచుకొనుట

బిడ్డకు మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇయ్యవలెను. తల్లిపాలు చెవి వ్యాధుల నుండి కొంత రక్షణ నిచ్చును. పాలు పట్టునప్పుడు తల కొంచెము ఎత్తుగా నుంచవలెను. పాలసీసా నోట పెట్టి వెల్లకిల పరుండబెట్టరాదు. పాలు నాళములోనికి పోవచ్చును. ఇంటిలో చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగరాదు. పొగపొయ్యి ఉన్నచో పిల్లలను దానికి దూరముగా నుంచవలెను. పొగ ముక్కులోని పొరలను, నాళమును వాచునట్లు చేయును. ముక్కు చీదునప్పుడు రెండు రంధ్రములు ఒకేసారి మూసి బలముగా చీదక, ఒక దాని తరువాత ఒకటిగా మెల్లగా చీదుట నేర్పవలెను.

టీకాలు మరువరాదు. న్యూమోకాకల్ టీకాను మన దేశమున 2017లో కొన్ని రాష్ట్రములలో ప్రారంభించి, 2021లో దేశమంతటికి విస్తరించిరి. దీనిని ఒకటిన్నర నెల, మూడున్నర నెలలు, తొమ్మిది నెలల వయస్సులో ఉచితముగా ఇత్తురు. చెవిలో చీము పట్టించు క్రిములలో ముఖ్యమైనదానిని ఇది ఎదిరించును. తట్టు వచ్చిన పిల్లలలో చెవి చీము తరచుగా కనబడును. కావున తొమ్మిది నెలలకును, మరల 16 నుండి 24 నెలల మధ్యను తట్టు, రుబెల్లా టీకా వేయింపవలెను.

ఎవరిని ఆశ్రయింపవలెను?

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు 18 ఏండ్ల వరకు గల పిల్లలను పరీక్షించు వైద్య బృందములు అంగన్‌వాడీ కేంద్రములకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఏడాది కొకసారి రావలెనని ఏర్పాటు. మధ్యచెవి వ్యాధియు, వినికిడి లోపమును ఆ బృందము చూడవలసిన వాని పట్టికలో నున్నవి. వారు వచ్చు దినమున పిల్లవానిని బడి మాన్పింపక పంపి, తమకు కలిగిన అనుమానమును ఉపాధ్యాయుని ద్వారా తెలుపుట తల్లిదండ్రుల విధి. ఈ లోపల అవసరమైనచో ఆశా కార్యకర్తను గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును గాని అడిగి, జిల్లా ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగమునకు చీటీ తీసికొనవచ్చును. విశాఖపట్నమునను, హైదరాబాదు కోఠీలోను ఈ వ్యాధులకై ప్రత్యేక ప్రభుత్వ ఆసుపత్రులు కలవు. చెవుడును నివారించుటకు జాతీయ కార్యక్రమమొకటి 2007లో ప్రయోగాత్మకముగా ఆరంభమై తరువాత విస్తరించినది.

ఉపాధ్యాయులకు ఒక్క మనవి. వెనుకబడిన విద్యార్థిని "మందబుద్ధి" యని నిర్ణయించుటకు ముందు వాని వెనుక నిలిచి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడుడు. అనుమానము కలిగినచో ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. నల్లబల్ల వైపు కాక పిల్లల వైపు తిరిగి పాఠము చెప్పుడు. తల్లిదండ్రులను పిలిపించి నిందింపక, చెవి చూపింపుమని చెప్పుడు. ఈ నాలుగింటికి ఒక్క పైసా ఖర్చు లేదు.

ఇంటివద్ద తల్లిదండ్రులు పిల్లవానిని దూరము నుండి కేకవేయక, దగ్గరకు పోయి, ముఖము చూపి మాటలాడవలెను. మాటలాడునప్పుడు టెలివిజను కట్టివేయవలెను. నాయనమ్మలు, అమ్మమ్మలు ఒడిలో కూర్చుండబెట్టుకొని కథలు చెప్పుట అన్నిటికన్న మంచి సహాయము. చెవికి దగ్గరగా వచ్చు ఆ మాటలే వాని భాషకు పోషణ.

మొదట చెప్పిన బాలుని మరల తలంపునకు తెచ్చుకొందము. మూడు నుండి ఏడేండ్ల వరకు గల కాలము అడినాయిడ్ పెరుగు కాలమే కాదు. మాటలు కుదురుకొని, అక్షరములు పట్టువడు కాలము కూడ. గ్రంథి కాలక్రమమున తానే తగ్గిపోవును, నిజమే. వానికి పన్నెండేండ్లు వచ్చునప్పటికి బహుశః చక్కగనే వినబడును. నాయనమ్మ చెప్పినట్లు సర్దుకొనును. కాని ఈలోపల జారిపోయిన పాఠములు తిరిగి రావు. "నాకు చదువు రాదు" అని వాడు తన్నుగూర్చి తాను నమ్మిన మాట అంత సులభముగా చెరిగిపోదు. అందుచేత వేచియుండవలసినది వైద్యుడు చెప్పిన మూడు నెలలే గాని, పెద్దవాడగువరకు కాదు.

రేపు మీ పిల్లవాడు పిలిచిన పలుకనప్పుడు చేయి ఎత్తకుడు. వాని వెనుకకు పోయి, మెల్లగా "బాబూ" యని పిలువుడు. పలికినచో సంతోషము. పలుకనిచో, ఆ వారములోనే వానిని ఆసుపత్రికి తీసికొనిపొండు.